తోమడం వేరు, అరగదీయడం వేరు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నేను ఉప్మాకి పోపు పెడుతుంటే, మా అబ్బాయి సింకు పక్కన పాత న్యూస్‌పేపర్ పరిచి రెండు ఇనప సామాన్ల లాంటివి తెచ్చి పెట్టాడు. ఒకటి అట్ల పెనమంత ఉంది, ఇంకొకటి దానికంటే చిన్నది. రెండింటికీ జిడ్డు. పోపు వాసనలో గ్రీజు వాసన కలిసిపోయింది.

"అమ్మా, నీ గిన్నెలు తోమే పీచు ఒకటి ఇవ్వవా?" అన్నాడు.

మామూలుగా అయితే వంటింట్లోంచి తరిమేసేదాన్నే. కానీ అవి ఏమిటో గుర్తుపట్టి ఊరుకున్నాను. మా మామయ్యగారి యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ఇంజిన్ మూతలు అవి. ఆయన పోయి ఎనిమిదేళ్లు. అప్పటినుంచీ ఆ బండి మా ఫిలింనగర్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పాత దుప్పటి కప్పుకుని ఉంది. ఇంజినీరింగ్ చదువుతున్న మా వాడికి ఈ సెలవుల్లో దాన్ని బాగు చేయాలని బుద్ధి పుట్టింది. "ముందు ఇంజిన్ కవర్లు మెరిపిస్తానమ్మా, బండికి ముఖం అవే" అన్నాడు.

ఇంజిన్ మూతల గురించి మనకేం రాయడానికుంటుంది అనుకోకండి. ఆ మూతలు తోమడం మొదలుపెడితే మా ఇంట్లో ముప్పై ఏళ్ల నాటి మాట ఒకటి బయటపడింది. అది చెప్పాలంటే ముందు బండి కథ చెప్పాలి.

మన చిన్నప్పుడు రోడ్ల మీద ఎన్ని రకాల బళ్లుండేవో గుర్తు తెచ్చుకోండి. బుల్లెట్, రాజ్‌దూత్, మైసూరులో తయారైన జావా, ఎజ్డీ, ఇక స్కూటర్లు. బజాజ్ చేతక్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. పెళ్లిలో అల్లుడికి స్కూటర్ బుక్ చేశామని చెప్పుకుంటే, అది ఇంటికి వచ్చేసరికి మనవడు నడిచేవాడని మా పుట్టింట్లో జోకు.

1980ల నడుమ ఈ పరిస్థితి మారింది. విదేశీ కంపెనీలతో కలిసి చిన్న మోటార్‌సైకిళ్లు చేసుకోవడానికి మన ప్రభుత్వం అనుమతులిచ్చింది. జపాన్ వాళ్లు నలుగురూ వరసగా వచ్చారు. 1984లో టీవీఎస్ వాళ్లతో సుజుకి, 1985లో హీరోతో హోండా, అదే ఏడాది ఎస్కార్ట్స్‌తో యమహా, 1986లో బజాజ్‌తో కవాసాకి. నాలుగూ 100 సీసీ బళ్లే. వాటిలో 1985 చివర్లో వచ్చిన యమహా బండే ఆర్‌ఎక్స్ 100. మొదట్లో విడిభాగాలు జపాన్ నుంచి తెప్పించి ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్ ఫ్యాక్టరీలో బిగించేవారు. ఇంజిన్ సామర్థ్యం 98 సీసీ, శక్తి 11 హార్స్‌పవర్, బరువు సుమారు 100 కిలోలు. బరువు తక్కువ, ఊపు ఎక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

యమహా పేరు మోటార్ల కంటే ముందు సంగీతానిది. తొరకుసు యమహా అనే ఆయన 1887లో ఒక రీడ్ ఆర్గన్ బాగు చేశాడు. రీడ్ ఆర్గన్ అంటే మన హార్మోనియానికి అక్క లాంటిది. అక్కడినుంచి ఆర్గన్లు, పియానోలు చేసే కంపెనీ పెరిగింది. 1955లో మోటార్‌సైకిళ్ల కోసం వేరే కంపెనీ పెట్టారు. వాళ్ల మొదటి బండి 125 సీసీది. దాన్ని జపాన్ వాళ్లు ముద్దుగా ఎర్ర తూనీగ అని పిలుచుకున్నారట. ఈసారి యమహా గుర్తు దగ్గరగా చూడండి. అందులో కనిపించే మూడు పుల్లలు శ్రుతి చూసుకునే ట్యూనింగ్ ఫోర్కులు. కీబోర్డు మీది గుర్తులో ఫోర్కులు వలయం లోపలే ఆగిపోతాయి, బండి మీది గుర్తులో వలయం అంచు దాకా వెళ్తాయి. మా వీధిలో మ్యూజిక్ రికార్డింగ్ చేసే ఇళ్లలో ఒక గుర్తు, గేటు బయట ఇంకో గుర్తు. ఇన్నేళ్లుగా రోజూ చూస్తూ నేను గమనించనే లేదు.

మా మామయ్యగారిది తెనాలి. 1970లలో సినిమా పని కోసం మద్రాసు వెళ్లి, ప్రొడక్షన్ డిపార్ట్‌మెంట్‌లో కుదురుకున్నారు. అప్పటికే తెలుగు సినిమా కొంచెం కొంచెంగా హైదరాబాద్ వైపు కదులుతోంది. అమీర్‌పేటలో సారథి స్టూడియో ముందే ఉంది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభించారు. కృష్ణగారి పద్మాలయా స్టూడియో జూబ్లీహిల్స్‌లో, రామానాయుడుగారి స్టూడియో ఫిలింనగర్‌లో వచ్చాయి. బంజారాహిల్స్‌లో ప్రసాద్ ల్యాబ్ ఉండనే ఉంది. స్టూడియోలు వచ్చాక వాటి వెనకే మనుషులు వచ్చారు. పెద్ద నటులు కొండ మీద ఇళ్లు కట్టుకుంటే, జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, మేకప్ వాళ్లు, ప్రొడక్షన్ వాళ్లు కృష్ణానగర్, ఇందిరానగర్ గదుల్లో సర్దుకున్నారు. మా మామయ్యగారి కుటుంబం కూడా 1980ల చివర్లో అలా కృష్ణానగర్‌లో దిగిందే.

ఆయన పని తెల్లవారుజామున మొదలయ్యేది. ఎవరిని లేపాలి, ఎవరికి కారు పంపాలి, సాయంత్రం షూటింగ్ చేసిన ఫిల్మ్ డబ్బాలు ల్యాబ్‌కి ఎప్పుడు చేర్చాలి. కృష్ణానగర్ నుంచి చెక్‌పోస్ట్, చెక్‌పోస్ట్ నుంచి ఫిలింనగర్, మళ్లీ బంజారాహిల్స్. అన్నీ ఎత్తుపల్లాలే. అప్పట్లో ఇక్కడ ఇన్ని ఇళ్లు లేవని, బండరాళ్లే ఎక్కువని, రాత్రయితే వీధిదీపాలు కూడా సరిగా ఉండేవి కావని అత్తయ్య చెబుతారు. సైకిల్ మీద ఆ ఎత్తు ఎక్కడం అయ్యే పని కాదు. 1991లో అప్పు చేసి ఈ బండి కొన్నారు. "మాకు ముందు బండి వచ్చింది, ఆ తర్వాతే ఫ్రిజ్ వచ్చింది" అంటారు అత్తయ్య. ఇన్నేళ్లయినా ఆ మాటలో కొంచెం ఉక్రోషం ఉంటుంది.

ఇక మూతల సంగతి. ఇంజిన్‌కి అటొకటి ఇటొకటి మూత ఉంటుంది. కుడివైపు పెద్దది క్లచ్ కవర్. కిక్ రాడ్ బయటికి వచ్చేది దానిలోంచే. దాని వెనక క్లచ్ ప్లేట్లు, గేర్ ఆయిల్ ఉంటాయి. ఎడమవైపుది మ్యాగ్నెట్ కవర్. దాని వెనక కరెంటు పుట్టించే చక్రం ఉంటుంది, నూనె ఉండదు. మన భాషలో చెప్పాలంటే ఒకటి నూనె జాడీ మూత, ఇంకొకటి పొడి డబ్బా మూత. నూనె వైపు మూత కింద కాగితం లాంటి గ్యాస్కెట్ వేస్తారు. కుక్కర్ గ్యాస్కెట్ పాడైతే ఆవిరి పక్కలనుంచి పోయినట్టే, ఇది చిరిగితే ఆయిల్ కారుతుంది. అందుకే మూత విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి.

ఆ మూతలు చేసిన లోహం కూడా మనకు తెలియనిది కాదు. అది అల్యూమినియం, మన అమ్మమ్మల సిల్వర్ గిన్నెల లోహమే. ఇంకొన్ని లోహాలు కలిపి గట్టి చేస్తారంతే. కరిగించి, ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపితే క్షణాల్లో మూత తయారు. వెయ్యి మూతలు చేసినా వెయ్యీ ఒకేలా ఉంటాయి. జపాన్ వాళ్ల బళ్లు ఇంత నమ్మకంగా నడవడానికి ఆ ఒకేలా ఉండటమే ఒక కారణం. ఎక్కడ కొన్న మూత అయినా ఆ మోడల్ బండికి సరిగ్గా కూర్చుంటుంది.

అయితే అన్నీ ఒకేలా ఉన్నప్పుడు మనిషికి ఇంకో కోరిక పుడుతుంది. నాది నాదిలా కనబడాలి. స్టీలు గిన్నెలు వచ్చాక మనం చేసిందీ అదే కదా. అజ్జరం బిందె, పెంబర్తి పళ్లెం చేత్తో చేసినవి. ఒకదానికి ఉన్న సుత్తి గుర్తు ఇంకొకదానికి ఉండదు, ఏ ఇంటిదో చూస్తే తెలిసేది. స్టీలు గిన్నె ఫ్యాక్టరీలోంచి వస్తుంది, పక్కింటి గిన్నెకీ మన గిన్నెకీ తేడా ఉండదు. అందుకే కొట్లో కరెంటు పెన్నుతో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకున్నాం. ఫలానా వారి పెళ్లికి ఫలానా వారి కానుక, తేదీతో సహా. మా అత్తయ్య పాలగిన్నె మీద 1974 అని ఉంటుంది. ఆ ఇంట్లో పెళ్లి ఫొటో ఆల్బమ్ చెమ్మకి పాడైపోయింది కానీ ఆ గిన్నె మీది అంకె మాత్రం ఇప్పటికీ చదవొచ్చు.

మగపిల్లలు బళ్లకు చేయించిందీ ఇలాంటిదే. ఇంజిన్ మూతలకు అద్దంలా పాలిష్ పట్టించడం, క్రోమ్ పూత వేయించడం, నల్ల రంగు కొట్టించడం, పేరు చెక్కించడం. ఇంగ్లండులో 1960లలో కుర్రాళ్లు బళ్లను ఇలా సొంతంగా మార్చుకుని టీ హోటళ్ల మధ్య పందేలు వేసుకునేవాళ్లట. అమెరికాలో పెద్ద బళ్లకు ఎక్కడపడితే అక్కడ క్రోమే. మన దగ్గర బుల్లెట్ వాళ్లకు, జావా వాళ్లకు ఆ మోజు ముందునుంచీ ఉంది. ఆర్‌ఎక్స్ 100 వచ్చాక అది కాలేజీ కుర్రాళ్లకు, మెకానిక్ షెడ్లకు పాకింది. కావలసిన సామాను రాణిగంజ్ కొట్లలోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో వెతుక్కునేవాళ్లు.

1996లో ఈ బండి తయారీ ఆగిపోయింది. కారణం పొగ. ఈ రకం ఇంజిన్‌లో పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాలుతుంది. పైగా కొంత పెట్రోల్ కాలకుండానే పొగగొట్టంలోంచి పోతుంది. పొగ మీద కొత్త నిబంధనలు రావడంతో దీనికి కాలం చెల్లింది. అది మంచికే. ఆరేసిన బట్టలకు ఆ నీలం పొగ వాసన పట్టడం నాకింకా గుర్తుంది. కానీ తయారీ ఆగాక మోజు తగ్గాల్సింది పోయి పెరిగింది. 2018లో అజయ్ భూపతి దర్శకత్వంలో ఈ బండి పేరుతోనే తెలుగు సినిమా వచ్చి బాగా ఆడింది. మా వాడి వయసు పిల్లలకు తాతల బండి మీద గౌరవం కలిగింది అప్పటినుంచే అనుకుంటాను.

మళ్లీ మా సింకు దగ్గరికి వద్దాం. మూతలు విప్పడానికే మా వాడికి రెండు రోజులు పట్టింది. స్క్రూల తలలు నలిగిపోయి ఉన్నాయి. వాడు చెప్పాక నాకు తెలిసింది. మనం మామూలుగా వాడే ప్లస్ గుర్తు స్క్రూడ్రైవర్ అమెరికా పద్ధతిది, ఫిలిప్స్ అంటారు. జపాన్ వాళ్ల స్క్రూ కూడా చూడటానికి అలాగే ఉంటుంది కానీ లోపలి గాడి ఆకారం కొంచెం వేరు. చాలా వాటి తల మీద చిన్న చుక్క ఉంటుంది, అదే ఆనవాలు. సరిపడని స్క్రూడ్రైవర్ పెట్టి బలం చూపిస్తే స్క్రూ తిరగదు, గాడి మాత్రం అరిగిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఎంతమంది మెకానిక్‌లు బలం చూపించారో ఆ తలలు చూస్తేనే తెలిసింది.

మూతల మీద వెండి రంగు పొరలు పొరలుగా లేచిపోయి, కింద తెల్లటి బూజులా ఉంది. అల్యూమినియానికి ఇనుములా ఎర్ర తుప్పు పట్టదు, ఇలా తెల్లగా పొడి కడుతుంది. చింతపండు పెట్టి తోమనా అని అడిగాడు. వద్దన్నాను. సిల్వర్ గిన్నెలో పులుసు ఎందుకు నిలవ ఉంచమో, చాకలి సోడా వేస్తే ఆ గిన్నె ఎలా నల్లబడుతుందో మనకు తెలుసు కదా. పులుపూ పడదు, ఘాటు సోడా కూడా పడదు. కిరసనాయిలుతో జిడ్డు తీసి, రంగు ఊడదీసే మందు రాసి, బాల్కనీలో గాలి తగిలేచోట, చేతులకు గ్లవ్స్ వేసుకుని చేయమన్నాను.

అసలు వాడు మొదట అడిగింది క్రోమ్. మా వారు వద్దన్నారు. అల్యూమినియం మీద క్రోమ్ తిన్నగా పట్టదు. గాలి తగలగానే దాని మీద కంటికి కనిపించని పొర కడుతుంది. అది తీసి, ముందు జింకు, తర్వాత రాగి, ఆ పైన నికెల్, చివర్న పలచగా క్రోమ్. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు గుర్తున్నారా? గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి శుభ్రం చేస్తేనే తగరం పట్టేది. ఇదీ ఆ బాపతే. తొందరపడితే ఏడాదిలో పెచ్చులు లేస్తుంది. పైగా ఆ తొట్లలో వాడే ఒక రకం క్రోమియం క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల పరిశోధనా విభాగం ఎప్పుడో తేల్చింది. మన బండి మెరుపు కోసం ఎవరో ఒకరు ఆ ఆవిరి పీల్చాలి. అది విన్నాక వాడే మానుకున్నాడు. పాలిష్ చాలన్నాడు.

ఎడమ మూత బాగానే వచ్చింది. కుడి మూత మీద రంగు మాత్రం ఒకచోట మందంగా ఉంది. కంపెనీ రంగు కాదు, ఎవరో చేత్తో పూసింది. మందు రాసి గీకేసరికి కింద జానెడు గీత బయటపడింది. లోతుగా, ఏటవాలుగా, రాయి మీద ఈడ్చినట్టు.

"తాతయ్య ఎక్కడో పడ్డట్టున్నారు" అన్నాడు వాడు.

మా వారు పేపర్ చదువుతున్నవారు తలెత్తి చూసి, మళ్లీ దించేసుకున్నారు. ఆయన ముఖం చూసి ఏదో ఉందనుకున్నాను. కాసేపాగి నెమ్మదిగా చెప్పారు. "నేనే పడ్డాను. ఇంటర్ చదివేటప్పుడు, 1993లో. నాన్న నిద్రపోతుంటే బండి తీసుకెళ్లా. వానలో ఫిలింనగర్ దిగుడులో జారిపోయింది. కిక్ రాడ్ వంగిపోయింది. మా ఫ్రెండ్ వాళ్ల షెడ్‌లో సరిచేయించి, గీత మీద సిల్వర్ పెయింట్ పూసి పెట్టేశాను. నాన్నకి చివరిదాకా తెలీదు. ఆయన పోయేలోపు చెబుదామనుకున్నాను. కుదరలేదు."

పెళ్లయి 22 ఏళ్లు. నాకెప్పుడూ చెప్పలేదు ఈ సంగతి.

అత్తయ్య బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఆవిడ చేతిలో పని ఆపకుండానే అన్నారు. "తెలీకపోవడమేంట్రా? ఆ మర్నాడే మీ నాన్న నాతో, రాత్రి చెక్‌పోస్ట్ దగ్గర బండి జారింది, కొంచెం గీసుకుపోయింది అని చెప్పారు. నేనేమైనా అంటానని."

"నాన్నా? ఆయన పడ్డానని చెప్పారా?"

"చెప్పారు. ఆ అప్పు ఇంకా తీరలేదు కదా, నేను నాలుగు మాటలు అన్నాను కూడా. పడి ఉంటాననుకున్నారు మీ నాన్న పాపం. పడ్డ మనిషి ఒంటి మీద గీత లేదు. నీ మోచేతికేమో గుడ్డ కట్టి ఉంది."

మా వారు ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లారు. కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చారు. ముప్పై ఏళ్ల పాటు ముగ్గురూ ఒకరికి తెలీకుండా ఒకరు ఆ గీతను దాచి పెట్టుకున్నారు. తండ్రి కొడుకు కోసం మాట పడ్డాడు. కొడుకు తండ్రికి తెలీదనుకున్నాడు. తల్లి ఇద్దరికీ తెలిసిందని తెలిసి కూడా కదపలేదు. దాని మీద పూసిందల్లా సీసాడు వెండి రంగు.

నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మామయ్యగారు చాలా కఠినం అని చెప్పేవారు మా వారు. ఒక్క మాట మెచ్చుకునేవారు కాదని, దగ్గరికి తీసేవారు కాదని. ఆయన మాటల్లో ఆ వెలితి నాకు ఎప్పుడూ వినపడుతూనే ఉండేది. ఆ రోజు తర్వాత ఆ మాట మళ్లీ అనలేదు.

మా వాడు మాత్రం ఎమరీ పేపర్ చేత్తో పట్టుకుని ఇరకాటంలో పడ్డాడు. ముందు గరుకుది, 320 నంబరుది. తర్వాత 400, 600, 1000, 1500, నీళ్లలో తడుపుతూ ఒక్కో మెట్టూ నునుపు చేసుకుంటూ పోవాలి. చివరికి గుడ్డ చక్రం మీద పాలిష్. అంత లోతు గీత పూర్తిగా పోవాలంటే చుట్టూ ఉన్న లోహం కూడా అంత లోతూ అరగాలి, లేదా వెల్డింగ్‌తో నింపాలి.

"నానమ్మా, ఈ గీత తీసేయనా, ఉంచనా?" అని అడిగాడు.

"తోమరా. అరగదీయకు" అన్నారు అత్తయ్య.

ఆవిడ దగ్గర నేను మొదట నేర్చుకున్న పాఠం కూడా అదే. పాత ఇత్తడి సామాన్లు నేను ఇసుకేసి గట్టిగా రుద్దుతుంటే చేయి పట్టుకుని ఆపారు. మెరుపు కోసం పేర్లు చెరిపేసుకుంటావా అని. వాళ్ల అత్తగారి పేరు ఉన్న చెంబు ఒకటుంది మా ఇంట్లో. ఇప్పటికే సగం అక్షరాలు తోమి తోమి అరిగిపోయాయి. మిగిలిన సగాన్ని మేం జాగ్రత్తగా తోముతాం. మురికి పోవాలి, గుర్తు ఉండాలి. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి.

అందుకే గీత ఉంచేశాడు. అంచులు గోరుకి తగలకుండా కొంచెం నునుపు చేశాడు, అంతే. మిగతాదంతా అద్దంలా వచ్చింది. నల్లబడిన చేతులతో చూపించాడు, ఆ మూతలో నా ముఖం వంకరగా కనిపించింది. నలిగిన స్క్రూల బదులు కొత్తవి, కొత్త గ్యాస్కెట్, కొత్త గేర్ ఆయిల్. ఇంజిన్ మీద కొట్టి ఉన్న నంబరు జోలికి మాత్రం వెళ్లవద్దని మా వారు గట్టిగా చెప్పారు. అది అరిగితే ఆర్టీఏ ఆఫీసులో బండి మనదని చెప్పుకోవడం కష్టం. అదృష్టం కొద్దీ ఆ నంబరు ఉండేది ఇంజిన్ ఒంటి మీదే, మూతల మీద కాదు.

పోయిన ఆదివారం సెల్లార్‌లో బిగించారు తండ్రీ కొడుకులు. స్క్రూలు మా వారు బిగించారు, మా వాడు పక్కన నిలబడి "నాన్నా, అంత బలం వద్దు" అంటూ. ఆరేడు కిక్కులకు స్టార్టయింది. ఆ శబ్దానికి పై ఫ్లాట్ల వాళ్లు కూడా తొంగి చూశారు. పొగ మెల్లగా పైకి మా బాల్కనీ దాకా వచ్చింది.

అత్తయ్య కిందికి చూసి, "చాలించండి, బట్టలారేశాను" అన్నారు. అన్నారు గానీ, శబ్దం ఆగేదాకా అక్కడే నిలబడి ఉన్నారు.